ఎంగిలి రొట్టె

ఇప్పటిదాకా నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. పూల రొట్టెల గురించి తెలుసుకుందామని మా ఇంటికి వచ్చే ప్రతి మనిషీ నా బేకరీ ముందు నుంచే పోవాలి. హనుమకొండ బజారులో మా ఇల్లు అట్లా కట్టి ఉంది. కింద నా బేకరీ, దాని వెనక నేనూ నా భార్యా ఉండే గదులు, పక్కనుంచి మెట్లు, పైన మా తమ్ముడి కాపురం. అమ్మ కూడా పైనే ఉంటుంది. వచ్చినవాళ్ళు చెప్పులు నా గడప దగ్గర విడుస్తారు. "మేడమ్ ఉన్నరా అన్నా?" అని అడుగుతారు. పిండి చేత్తో నేను పైకి చూపించగానే మెట్లెక్కుతారు. మేడమ్ అంటే మా మరదలు, తమ్ముడి భార్య. దిగేటప్పుడు చెప్పులేసుకుంటూ నా వైపు చూసి నవ్వుతారు. అంతే. నా అద్దాల పెట్టెలో ఏముందో కూడా చూడరు.

మొన్న ఎండాకాలం కెమెరా పట్టుకుని కుర్రాళ్ళు వచ్చారు. పాతకాలం అడవి పూలతో, ఆకులతో చేసే రొట్టెల మీద వీడియో తీస్తారట. పైన మరదలు మాట్లాడుతోంది, కింద నా పిండి కలిపే మిషన్ తిరుగుతోంది. వాళ్ళలో ఒకడు మెట్ల మీద నుంచి తల వంచి, "అంకుల్, జర ఆ మిషన్ బంద్ చేస్తరా? మేడమ్ మాట సాఫ్ వస్తలేదు" అన్నాడు.

బంద్ చేశాను. పిండి సగం కలిసి ఆగిపోయింది. ఈ బజారులో ఇప్పపువ్వుతో మొదట బన్ను కాల్చినవాడిని నేను. ఆ కుర్రాడికి మాత్రం నేను ఒక చప్పుడు. వీడియో బయటికి వచ్చాక చూశాను. మాట సాఫుగానే ఉంది. నా మిషన్ వినిపించలేదు, నేనూ కనిపించలేదు. "ఇవన్నీ మా అత్తమ్మ చేసినట్టే చేస్తాన్న" అని మరదలు చెబుతుంటే, అమ్మ పక్కన కుర్చీలో కూర్చుని, కొత్త చీర కట్టుకుని, తలూపుతోంది.

మరదలు చెప్పింది అబద్ధం కాదు. మొదట చేసింది అమ్మే. చిన్నప్పుడు, ఏ కాలంలో ఉన్నామో అమ్మ కొంగు ముడి విప్పితే తెలిసేది. ఉగాదికి వేపపువ్వు. ఎండలు ముదరకముందే పాలంపేట వైపు నుంచి ఆమె పుట్టింటివాళ్ళు పంపే ఇప్పపువ్వు. వినాయక చవితికి తుమ్మికూర. ఆ తర్వాత తంగేడు, గునుగు. మా నాన్నది కిరాణా దుకాణం. దుకాణంలో ఎన్ని రకాల సరుకులున్నా వీటిని మాత్రం అమ్మ కొననిచ్చేది కాదు. ఎవరో ఒకరు చెట్టు దగ్గరికి పోయి తేవాలి, లేకపోతే ఆ ఏడు లేదు.

ఇప్పపువ్వు రాలిందే ఏరాలి, కొమ్మ మీది పువ్వు తెంపకూడదు. పువ్వు లోపల సన్నటి పోగులు ఉంటాయి. వాటిని తీయకపోతే గొంతులో గుచ్చుకున్నట్టు ఉంటుంది. అమ్మ వాకిట్లో చాప మీద పూలు పోసుకుని అరచేతుల మధ్య నలుపుతూ ఆ పోగులు రాల్చేది. నానబెట్టి, నూరి, జొన్నపిండిలో కలిపి, మందంగా తట్టి, కింద ఒక మోదుగాకు పైన ఒక మోదుగాకు పెట్టి నిప్పుల మీద కాల్చేది. ఆకు మాడి ఊడివచ్చాక రొట్టె మీద ఆకు ఈనెలు అచ్చుపడి ఉండేవి. నేను ఆ ఈనెల వెంబడి తుంచుకుని తినేవాడిని.

నాన్న దుకాణంలో కూర్చోవడం నాకు చేతకాలేదు. స్టేషన్ దగ్గర ఒక బేకరీలో ఉస్తాద్ చేతికింద పని నేర్చుకుని, తర్వాత ఇంటి కింద సొంతంగా కట్టెల బట్టీ కట్టించాను. బన్నులు, రస్కులు, ఖారా బిస్కెట్లు. అవి చేస్తూ చేస్తూ, అమ్మ రొట్టెను నా బట్టీలోకి ఎట్లా తేవాలా అని ఆలోచించేవాడిని. మొదటిసారి ఎండు ఇప్పపూలు పిండిలో అట్లాగే కలిపి కాల్చాను. పువ్వులో ఉన్న తీపంతా మాడి చేదెక్కింది. మళ్ళీ చేశాను. పూలు నానబెట్టి, చేత్తో గట్టిగా పిండి, ఆ నీళ్ళతోనే మైదా తడిపాను. పిండిన పువ్వును సన్నగా తరిగి లోపల పెట్టాను. పై భాగం మాడకుండా మోదుగాకు చుట్టాను. బట్టీ తలుపు తీసేసరికి బజారు చివర ఉన్న చీరల కొట్టాయన వాసన పట్టుకుని వచ్చి, "ఏంది, బెల్లం కాగబెడ్తానవా?" అని అడిగాడు. అప్పటికి మా మరదలు ఈ ఇంట్లో అడుగుపెట్టలేదు. ఈ మాట ఆ వీడియోలో లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

బన్ను మంచిగా వచ్చిందని ఊళ్ళోవాళ్ళు చెబితే నాకు సరిపోలేదు. నాకు కావలసింది ఒకటే. బతుకమ్మ మొదలయ్యే అమావాస్య నాడు, మేం పెత్రమాస అంటాం, అమ్మ బతుకమ్మ ముందు పెట్టే పళ్ళెంలో నా రొట్టె ఉండాలి. అంతకన్నా పెద్ద కోరిక నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఆ ఏడు పెత్రమాసకు ముందురోజు సాయంత్రం నేనే స్కూటర్ మీద స్టేషన్ ఘన్‌పూర్ దాకా పోయి చెలకల గట్ల మీద తంగేడు, గునుగు కోసుకొచ్చాను. పూలు తేవడం మగవాళ్ళ పని, పేర్చడం ఆడవాళ్ళది. తడిబట్ట కప్పి ఉంచాను. తెల్లవారి బేకరీలో ఇప్పపువ్వు నీళ్ళతో పిండి కలిపాను. కలిపి, చిటికెడు తుంచి నోట్లో వేసుకున్నాను. ఇది మా పనిలో అందరం చేసేదే. ఉప్పు తక్కువైతే బట్టీలోకి పోకముందే తెలియాలి, పోయాక ఎవరూ ఏమీ చేయలేరు. ఉప్పు సరిగ్గా ఉంది. తలెత్తితే అమ్మ గడపలో నిలబడి ఉంది.

"నోట్లెందుకు ఏసుకున్నవ్ రా?"

"ఉప్పు చూసిన."

"గౌరమ్మ ముంగట పెట్టేదాన్ని ఎంగిలి జేస్తవా?"

"చిటికెడు దింటె పిండంత ఎంగిలెట్లయితదే?"

"చెయ్యి నోట్లకు పాయె, మళ్ళ పిండిలకు అచ్చె. ఇంకెట్లయితది?"

"తుడుసుకున్న గదా!"

"లుంగీకి తుడుసుకున్నవ్. నేను జూసిన."

అయినా రొట్టె కాల్చాను. మోదుగాకులో చుట్టి, వేడివేడిగా పైకి తీసుకుపోయాను. పై వసారాలో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు తాంబాళంలో గునుగు పేరుస్తున్నారు. అమ్మ రొట్టె అందుకుంది, ఆకు కొంచెం విప్పి చూసింది, పళ్ళెం పక్కనుంచే పోయి వంటింటి గూట్లో పెట్టింది. "ఇంట్లోల్లు తింటరు తియ్" అంది.

నేను ఊరుకోలేదు. ఆ రోజు బతుకమ్మ పేరే ఎంగిలిపూల బతుకమ్మ. ముందురోజు తెంపి రాత్రంతా ఉంచిన పూలు కాబట్టి ఆ పేరని కొందరంటారు. ఆ ఒక్కరోజు ఆడవాళ్ళు అన్నం తిన్నాకే పూలు పేరుస్తారు కాబట్టి అని ఇంకొందరంటారు. ఎట్లా చూసినా న్యాయం నా వైపే ఉంది.

"ఇయ్యాల పండుగ పేరే ఎంగిలి పూలు గదనే" అన్నాను అందరి ముందర. "పూలు ఎంగిలి. మీరంత బువ్వ దినే కూసున్నరు. ఇన్ని ఎంగిళ్ళు నడిస్తె నా రొట్టె ఒక్కటే నడువదా?"

ఆడవాళ్ళు పూలు వదిలేసి నవ్వారు. ఎదురింటి పెద్దమ్మ, "కొడుకు మంచిగ అడిగిండు. ఇగ జెప్పు అక్కా!" అని ఎగదోసింది.

అమ్మ గునుగు కొసలు తుంచుతూ తలెత్తకుండా అంది: "పూలది ఉత్త పేరు. వీనిది నాలికె."

మళ్ళీ నవ్వారు. ఈసారి నా మీద. ఆ నవ్వులో ఎవరెవరు ఉన్నారో నాకు ఇప్పటికీ గుర్తుంది. వాళ్ళు బన్నులకు వస్తే ఇస్తాను, కానీ ముందు నవ్వను.

తర్వాత ప్రతి పెత్రమాసకూ రొట్టె చేశాను. ప్రతిసారీ ఉప్పు చూశాను. ప్రతిసారీ అది గూట్లోకే పోయింది. "ఒక్కసారి రుచి చూడకుంటె ఏమైతది? అత్తమ్మ పళ్ళెంల పెట్టుకుంటది గద" అని నా భార్య బతిమాలేది. ఏమవుతుందో ఆమెకు తెలియదు. ఉప్పు చూడకుండా నా బట్టీలోకి ఏదీ పోలేదు, పోదు. చేసిన పనికి నేను పూచీ అని చెప్పడానికి నాకు ఉన్నది ఆ నాలుక ఒక్కటే.

మరదలు మరిపెడ అమ్మాయి. కొత్తగా వచ్చినప్పుడు మధ్యాహ్నాలు బేకరీలోకి దిగివచ్చి నిలబడేది. "బావా, నా పిండి ఎందుకు పొంగుతలేదు? మీరు జర చూడుండ్రి" అనేది. చూశాను. నీళ్ళు ఎంత వెచ్చగా ఉండాలో వేలు ముంచి చూపించాను. పిండిని ఎట్లా మడవాలో, ఎట్లా కొట్టాలో చెప్పాను. నా ఖమీరు, నేను ఏళ్ళ తరబడి రోజూ పిండి వేసి బతికించుకుంటున్న పులిపిండి, స్టీలు డబ్బాలో తీసి ఇచ్చాను. ఆ డబ్బా తిరిగి రాలేదు. ఆమె చెడ్డది కాదు. చెడ్డదైతే నాకు ఇంత కష్టం ఉండేది కాదు. ఎప్పుడూ నవ్వుతూనే పలకరిస్తుంది, జ్వరం వస్తే కషాయం పంపిస్తుంది, నేను ముఖం ముడుచుకుంటే, "ఏంది బావా, బట్టీ పొగ కండ్లల్ల వడ్డదా?" అంటుంది.

పైన చిన్న కరెంటు ఓవెన్ కొన్నారు. ఆమె వేపపువ్వు బిస్కెట్లు చేసింది. చవితికి తుమ్మికూర బన్ను చేసింది. అమ్మ పక్కన కూర్చుని చెబుతుంటే చేసింది. నాకు అమ్మ అట్లా కూర్చుని ఒక్కనాడూ చెప్పలేదు. నేను అడిగితే "మొగోనివి, నీకెందుకురా ఇయన్ని" అనేది. నేను చూసి నేర్చుకున్నదంతా వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ దొంగచూపులతో నేర్చుకున్నదే. ఆమెకు మాత్రం పీట వేసి నేర్పింది. మెట్ల మీద నుంచి వాళ్ళిద్దరి మాటలు వినపడుతుంటే నా చేతిలో పిండి గట్టిపడేది.

ఆ ఏడు పెత్రమాసకు మరదలు ఇప్పపువ్వు రొట్టె చేసింది. నా ఖమీరు, నేను కనిపెట్టిన పువ్వు నీళ్ళ పద్ధతి. మోదుగాకు బదులు తెల్లటి బటర్ పేపర్. అమ్మ దాన్ని రెండు చేతులతో తీసుకుని పళ్ళెం నడుమ పెట్టింది. "కోడలు నోట్లె వెట్టకుంట జేసింది" అని చుట్టూ ఉన్నవాళ్ళకు చెప్పింది. నేను పూల బుట్ట దించుతూ విన్నాను. నా రొట్టె అప్పటికే గూట్లో ఉంది. ఆమె రొట్టె ముక్క తిని చూశాను. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని నమిలి నమిలి చూశాను. బాగుంది. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఇక ఈ ఏటి సంగతి. ఎప్పటిలాగే పూలు తెచ్చి, పొద్దున్నే నా రొట్టెతో పాటు పైకి తీసుకుపోయాను. వంటింట్లో మరదలు కలిపి ఉంచిన పిండి గిన్నె దాటి పొంగి, కప్పిన బట్టను పైకి లేపుతోంది. అంత తొందరగా, అంత ఎత్తు పొంగిన పిండిని నేను నా బేకరీలో చూడలేదు. అమ్మ నా ముఖం చూసి, "చూసినవా, ఎట్ల పొంగిందో! నీ బట్టీల ఎన్నడన్న గిట్ల పొంగిందారా?" అంది. తల్లి కొడుకును అడగవలసిన మాటేనా అది?

నా రొట్టె గూట్లో పెట్టి దిగిపోయాను. ఈ ఏడు అమ్మ చేతికి ఇవ్వలేదు, నేనే పోయి పెట్టాను. ఎట్లాగూ అక్కడికే కదా.

సాయంత్రం గల్లీ చివర ఖాళీ జాగాలో ఆడవాళ్ళు బతుకమ్మ ఆడారు. మేం మగవాళ్ళం గోడ వెంట నిలబడి ఉన్నాం. పూలు నీళ్ళలో వదిలి వచ్చాక ప్రసాదం పంచారు. మరదలి రొట్టె అందంగా ఉంది, పైన తంగేడు రేకులు చల్లింది. ఆడవాళ్ళు తలా ఇంత తుంచి కళ్ళకద్దుకుని తింటున్నారు. "మస్తుంది", "మెత్తగున్నది" అంటున్నారు. నా భార్య ఒక ముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. నోట్లో వేసుకున్నాను.

ఉప్పు లేదు.

తక్కువ కావడం కాదు, అసలు వేయలేదు. పొద్దున చూసింది అప్పుడు అర్థమైంది. ఉప్పే పిండిని పట్టి ఉంచుతుంది. ఉప్పు లేని పిండి పగ్గం లేనట్టు పొంగుతుంది. రోజంతా నేను కుళ్ళిపోయింది ఒక మరిచిపోయిన చెంచాడు ఉప్పును చూసి.

"ఉప్పు లేదు!" అన్నాను. గట్టిగానే వచ్చింది.

ఎదురింటి పెద్దమ్మ, "ప్రసాదం గదా బిడ్డా, ఊకో" అంది. ఆమె నోట్లో ముక్క ఇంకా ఉంది. మింగడానికి తంటాలు పడుతోంది.

అమ్మ నా వైపు తిరిగింది. "గౌరమ్మకు పెట్టినదానికి వంకలు వెడ్తవా?"

"వంక గాదు, ఉప్పు. నువ్వే తిని చూడు."

మరదలు తనే ఒక ముక్క తుంచి నమిలింది. ముఖం ఎర్రబడింది. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అయ్యో, నిజమే బావా! మర్చేపోయిన. రుచి చూడద్దన్నది గద అత్తమ్మ, ఇగ నాకెట్ల తెలుస్తది?"

అందరూ ఫక్కున నవ్వారు. ఒకామె, "ఏం గాదు తియ్, ఇంటికి పోయి తొక్కు నంజుకుంటం" అంది. అంతే, అయిపోయింది. మరదలి తప్పు గల్లీలో ఆ ముక్క మింగినంతసేపు కూడా నిలవలేదు. ఉప్పు సరిగ్గా పడ్డ నా రొట్టె ఏళ్ళ నుంచి గూట్లో కూర్చుంది. ఉప్పు లేని రొట్టె పళ్ళెంలో కూర్చుని, దండం పెట్టించుకుని, నవ్వించి కూడా పోయింది. నేను గెలిచాను కదా అని ఆ రోజు నా భార్య అంది. అట్లా గెలిచినవాడిని ఎవరైనా పలకరించారా?

తెల్లవారి పూల బుట్ట కోసం పైకి పోయాను. అమ్మ స్నానానికి పోయింది. ఆమె మంచం పక్కన స్టూలు మీద చాయ్ గ్లాసు, దాని కింద మడతపెట్టిన మోదుగాకు. విప్పాను. లోపల రొట్టె ముక్కలు, ఆకు అంచున మాడిన మసి. ఆ ఇంట్లో మోదుగాకులో రొట్టె కాల్చేది నేనొక్కడినే.

"ఇదేంది?" అని మరదలిని అడిగాను.

"మీ రొట్టేనే బావా. ఏడాదికోసారి అత్తమ్మ గూట్లకెంచి తీసి దాసుకుంటది. పొద్దుగాల చాయిల ముంచుకుంట తింటది. మాకు గింతంత పెట్టది. అడిగితె కోపానికస్తది. మీకు తెల్వదా?"

నాకు తెలియదు. నాకు ఎవరూ చెప్పలేదు. అదే కదా నేను మొదటి నుంచి చెబుతున్నది.

కిందికి వచ్చి చెబితే నా భార్య కళ్ళు తుడుచుకుంది. "ఇగ ఇంకేం గావాలె మీకు?" అంది. మనసు కరగవలసిన చోట నాది కరగలేదని ఆమెకు కోపం. కానీ దాచుకుని తినడం వేరు, పదిమంది ముందు పెట్టడం వేరు. మరదలి రొట్టెను అమ్మ చుట్టుపక్కల అందరికీ చూపించింది. నాదాన్ని చాయ్ గ్లాసు కింద దాచింది. ఆ రొట్టె రుచి అమ్మకు తెలుసు. ఏళ్ళ నుంచీ తెలుసు. తెలిసి కూడా నాకు ఒక్క మాట చెప్పలేదు. తెలియక చెప్పకపోయి ఉంటే నేను ఇంత రాసేవాడిని కాదు.

మళ్ళీ పైకి పోయాను. అమ్మ తల తుడుచుకుంటూ మంచం మీద కూర్చుంది. ఆకు ఆమె ముందు పెట్టాను.

"తినేటప్పుడు ఎంగిలి గాదా ఇది?"

అమ్మ ఆకు వైపు చూసింది, నా వైపు చూసింది. "చాయ్ సల్లారుతాంది" అని గ్లాసు అందుకుంది. గ్లాసులో ఏమీ లేదు. నేను చూశాను.

మరదలు మెట్ల దాకా వెంట వచ్చింది. వచ్చే ఏడు పిండి తను కలుపుతుందట, నేను బట్టీలో కాలిస్తే చాలట. "ఇద్దరి రొట్టె ఐతది గద బావా" అంది. ఆమె మంచికే చెప్పింది. అందుకు ఇంకా జవాబు ఇవ్వలేదు. నేను అడిగినదానికి ముందు జవాబు రావాలి.

కాబట్టి, మరదలా, ఇది నువ్వు అమ్మకు చదివి వినిపించు. వీడియో తీసినప్పుడు కూర్చుందే, ఆ కుర్చీలోనే అమ్మను కూర్చోబెట్టి వినిపించు.

అమ్మా, వచ్చే పెత్రమాసకు మళ్ళీ రొట్టె చేస్తాను. నీ ముందరే పిండి తుంచి ఉప్పు చూస్తాను, అది మానను. మోదుగాకులో కాల్చి తెచ్చి నీ చేతిలో పెడతాను. చుట్టూ అందరూ ఉంటారు. నా రొట్టె పళ్ళెంలోకా, గూట్లోకా? చాయ్ సంగతి తర్వాత. కింద మిషన్ బంద్ చేసి మెట్ల దగ్గరే నిలబడి ఉంటాను. నీ మాట నాకు సాఫుగా వినపడాలి. చెప్పు.